కంప్యూటర్ ఆన్ చేయగానే కీబోర్డు పనిచేయట్లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి జవాబులు ఎక్కువగా విండోస్ ఉన్న డెస్క్‌టాప్‌లు, ల్యాప్‌టాప్‌ల గురించి. లైనక్స్ వాడేవాళ్లకు చివర్లో ఒక ముక్క ఉంది. కొత్త కీబోర్డు కొనే ముందు, ముఖ్యంగా ఎవరో చెప్పారని ఫార్మాట్ కొట్టించే ముందు, కనీసం మొదటి ప్రశ్న చదవండి.

కీబోర్డు పోయిందా, కంప్యూటర్‌లోనే ఏదైనా తేడా వచ్చిందా? ఎలా తెలుసుకోవాలి?

అది ఏ దశలో పనిచేయడం మానేస్తోందో చూడండి. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు కీబోర్డు మూడు చేతులు మారుతుంది. మొదట మదర్‌బోర్డులోని బయోస్, అంటే విండోస్ కంటే ముందే నడిచే చిన్న ప్రోగ్రామ్, దాన్ని చూసుకుంటుంది. కంపెనీ లోగో కనిపించేది, ఎఫ్2, డెల్ (డిలీట్) లాంటి కీలు నొక్కేది అప్పుడే. తర్వాత విండోస్ లోడవుతూ తన సొంత డ్రైవర్లతో (పరికరాలను నడిపించే చిన్న ప్రోగ్రామ్‌లతో) కీబోర్డును మళ్లీ మొదటి నుంచి గుర్తుపడుతుంది. ఆ తర్వాత లాగిన్ స్క్రీన్ వస్తుంది. అక్కడ కీబోర్డు భాష, యాక్సెసిబిలిటీ సెట్టింగులు లెక్కలోకి వస్తాయి. లోగో దగ్గర పనిచేసి లాగిన్ దగ్గర పనిచేయకపోతే కీబోర్డు బాగానే ఉన్నట్టు. లోగో దగ్గర పనిచేయక, విండోస్ వచ్చాక పనిచేసినా కీబోర్డు బాగానే ఉన్నట్టు. రెండు చోట్లా చచ్చినట్టు పడి ఉంటేనే కీబోర్డునో, వైరునో, పోర్టునో అనుమానించాలి.

దీనికి ఉచితమైన పరీక్ష ఒకటుంది. క్యాప్స్ లాక్ నొక్కి లైటు చూడండి. చాలామంది ఆ లైటును కీబోర్డే వెలిగిస్తుందని అనుకుంటారు. మామూలు కీబోర్డుల్లో అది నిజం కాదు. మీరు కీ నొక్కితే ఆ సమాచారం కంప్యూటర్‌కు వెళ్తుంది. కంప్యూటర్ తిరిగి లైటు వెలిగించమని చెబుతుంది. అంటే లైటు వెలిగి ఆరుతోందంటే కీబోర్డు, వైరు, పోర్టు మూడూ పనిచేస్తున్నాయి, అవతల కంప్యూటర్ కూడా స్పృహలోనే ఉంది. స్క్రీన్ మీద అక్షరాలు రావట్లేదంటే గొడవ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. క్యాప్స్ లాక్ లైటే లేని వైర్‌లెస్ కీబోర్డులకు ఈ పరీక్ష కుదరదు.

ఆన్ చేసిన క్షణంలో కూడా గమనించండి. వైరున్న చాలా కీబోర్డుల్లో లైట్లు ఒక్కసారి మెరిసి ఆరతాయి. అసలు మెరవకపోతే కీబోర్డుకు కరెంటే అందట్లేదేమో. ఇంకో పోర్టులో పెట్టి చూడండి. డెస్క్‌టాప్ అయితే ముందు భాగంలో ఉన్న యూఎస్‌బీ పోర్టులను నమ్మకండి. అవి లోపల చిన్న కేబుల్‌తో మదర్‌బోర్డుకు కలిపి ఉంటాయి, ఆ కేబుల్ ఊడిపోవడం మామూలే. వెనక ఉన్నవి నేరుగా బోర్డు మీదివి. హబ్‌లు, ఎక్స్‌టెన్షన్ వైర్లు, రెండు సీపీయూలకు ఒకే కీబోర్డు వాడే స్విచ్చులు ఉంటే అన్నీ తీసేసి నేరుగా పెట్టండి.

"కీబోర్డ్ నాట్ ఫౌండ్, ప్రెస్ ఎఫ్1 టు కంటిన్యూ" అని వస్తోంది. కీబోర్డే లేదంటూ ఎఫ్1 ఎలా నొక్కమంటుంది?

కంప్యూటర్ వాళ్లు తరాల తరబడి చెప్పుకుని నవ్వుకునే మెసేజ్ ఇది. ఉద్దేశం మాత్రం సూటిగానే ఉంది: కీబోర్డు తగిలించి, తర్వాత ఎఫ్1 నొక్కండి అని. ఆన్ చేయగానే బయోస్ తన పరికరాలన్నిటినీ ఒకసారి పరీక్షించుకుంటుంది. అందులో కీబోర్డు జవాబివ్వకపోతే అక్కడే ఆగుతుంది. కొన్ని కంప్యూటర్లలో ఇదే దోషానికి 301 అనే సంఖ్య కనిపిస్తుంది. అది తొలితరం ఐబీఎం పీసీల కాలం నుంచీ వస్తున్న కోడ్.

పిన్ను వదులుగా ఉండటం, పోర్టు పాడవడం, కీబోర్డు వైరు లోపల తెగడం, ఏదో ఒక కీ నొక్కుకుపోయి ఉండటం దీనికి మామూలు కారణాలు. కెమెరా రికార్డింగ్ సిస్టమ్‌లా మీరు కావాలనే కీబోర్డు లేకుండా నడుపుతున్నట్లయితే, బయోస్‌లో "హాల్ట్ ఆన్" అనే సెట్టింగ్ వెతకండి. దాన్ని "ఆల్, బట్ కీబోర్డ్" అని మారిస్తే కీబోర్డు లేకపోయినా ఆగకుండా ముందుకెళ్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎవరో వెళ్లి ఎఫ్1 నొక్కే అవసరం తప్పుతుంది.

ఆన్ చేయగానే ఆగకుండా బీప్ బీప్ అంటోంది. కీబోర్డు వల్లేనా?

కావచ్చు. కీబోర్డు మీద పుస్తకమో, బిల్లుల కట్టో పెట్టి ఉందేమో ముందు చూడండి. ఏదైనా కీ నొక్కే ఉంటే దాని సంకేతాలు వరసగా వస్తూనే ఉంటాయి. పాత బయోస్‌లు వాటిని దాచుకునే చోట 15 కీలకే జాగా ఉంటుంది. అది నిండగానే ఇక పట్టదని బీప్ కొడతాయి. కీబోర్డు పీకేసి ఆన్ చేయండి. శబ్దం ఆగితే దొంగ దొరికినట్టే. కీబోర్డును తలకిందులు చేసి తట్టి, కీల సందుల్లో దుమ్ము ఊదేయండి. స్పేస్ బార్, ఎంటర్ కీలు పక్కకు ఒరిగి ఇరుక్కుపోవడం ఎక్కువ.

పీకేసినా బీప్ ఆగకపోతే అది ర్యామ్, గ్రాఫిక్స్ లాంటి వేరే గొడవ కావచ్చు. బీప్‌లు ఎన్నో లెక్కపెట్టి మదర్‌బోర్డు మాన్యువల్‌లో చూడాలి. ఒక్కో బయోస్‌ది ఒక్కో లెక్క.

మాది పాత డెస్క్‌టాప్, గుండ్రటి పిన్ను కీబోర్డు. ఊడిపోతే మళ్లీ పెట్టాను, అయినా పనిచేయట్లేదు.

అది పీఎస్/2 పిన్ను. 1987లో ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చింది. కంప్యూటర్ నడుస్తుండగా పీకి పెట్టడానికి దాన్ని తయారు చేయలేదు. మళ్లీ పెట్టాక రీస్టార్ట్ చేస్తేనే సాధారణంగా గుర్తుపడుతుంది. షట్‌డౌన్ చేసి, పిన్ను పెట్టి, ఆన్ చేయడం మంచిది. పాత బోర్డుల్లో నడుస్తుండగా పీకితే పోర్టు ఫ్యూజు పోయే ప్రమాదం కూడా ఉండేది. ఊదారంగుది కీబోర్డు, ఆకుపచ్చది మౌస్. తారుమారు చేస్తే రెండూ పనిచేయవు. పిన్ను లోపల సన్నటి సూదులు వంగాయేమో చూడండి, బలవంతంగా తోసినప్పుడు వంగుతాయి.

యూఎస్‌బీ కీబోర్డును పీఎస్/2 పోర్టులో పెట్టడానికి షాపుల్లో దొరికే చిన్న కన్వర్టర్ ముక్క అన్ని కీబోర్డులతో పనిచేయదు. కీబోర్డు లోపలి చిప్‌కు రెండు పద్ధతులూ తెలిసి ఉంటేనే పనిచేస్తుంది.

విండోస్‌లో కీబోర్డు చక్కగా పనిచేస్తోంది. కానీ బయోస్‌లోకి వెళ్దామని ఎఫ్2, డెల్ ఎంత కొట్టినా పట్టించుకోవట్లేదు. ఎందుకు?

కీబోర్డు మార్చినంత మాత్రాన పోని సమస్య ఇది. అనవసరంగా డబ్బులు ఖర్చయ్యేదీ ఇక్కడే. కారణాలు ముఖ్యంగా రెండు.

ఒకటి ఫాస్ట్ బూట్. త్వరగా ఆన్ అవడం కోసం బయోస్ కొన్ని పనులు వదిలేస్తుంది. యూఎస్‌బీ పరికరాలను లేపడం అందులో ఒకటి. విండోస్ వచ్చి లేపేదాకా కీబోర్డు నిద్రలోనే ఉంటుంది. మీరు కొట్టే ఎఫ్2 ఎవరికీ వినిపించదు. కొన్ని బోర్డుల్లో "అల్ట్రా ఫాస్ట్" అని ఇంకా దూకుడైన సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ఆన్ చేశాక లోగో దగ్గర ఏ కీ నొక్కినా లాభం ఉండదు.

అప్పుడు విండోస్ వైపు నుంచి వెళ్లాలి. స్టార్ట్ మెనూలో పవర్ గుర్తు నొక్కి, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ మీద క్లిక్ చేయండి. నీలం స్క్రీన్ వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ వరసగా నొక్కి రీస్టార్ట్ చేస్తే నేరుగా బయోస్‌లో తేలతారు. ఈ దారిలో వెళ్తే బయోస్ కీబోర్డును తప్పకుండా లేపుతుంది. లోపల ఫాస్ట్ బూట్ ఆఫ్ చేసి, ఎఫ్10తో సేవ్ చేసి బయటికి రండి. మీకు కలిసొచ్చే సమయం రెండు మూడు సెకన్లు, దానికోసం ఇంత తలనొప్పి అక్కర్లేదని నా అభిప్రాయం.

రెండోది లెగసీ యూఎస్‌బీ సపోర్ట్. బయోస్ దశలోనూ, విండోస్ బూట్ మెనూలోనూ యూఎస్‌బీ కీబోర్డు పనిచేయాలంటే పాత బోర్డుల్లో ఇది ఎనేబుల్ అయి ఉండాలి. ఎవరైనా ఆపేస్తే మీరు బయటే నిలబడతారు. పీఎస్/2 పోర్టు ఉంటే పాత కీబోర్డు అరువు తెచ్చుకుని లోపలికెళ్లి ఆన్ చేయండి. లేదంటే సెట్టింగులు చెరిపేయాలి. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకేసి, మదర్‌బోర్డు మీది గుండ్రటి సెల్ కాసేపు తీసి పెడితే బయోస్ మొదటి స్థితికి వస్తుంది.

ఆగండి, అంతకుముందు ఒక జాగ్రత్త. బయోస్‌లో మార్పులు చేస్తే బిట్‌లాకర్ (డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉన్న కంప్యూటర్లు అనుమానపడి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన చాలా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ అయి ఉంటుంది, యజమానికి ఆ సంగతే తెలియదు. అదే మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి ఫోన్‌లోంచి లాగిన్ అయితే ఆ కీ చూడొచ్చు. ముందే చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి. అది లేకపోతే డ్రైవ్‌లో ఉన్నదంతా పోయినట్టే.

ఒకవేళ ఆ రికవరీ కీ అడిగే స్క్రీన్ వచ్చి, మీ కీబోర్డులో అంకెల కీలు కొన్ని పాడై ఉంటే టెన్షన్ పడకండి. అక్కడ ఎఫ్1 నుంచి ఎఫ్9 దాకా 1 నుంచి 9 అంకెలుగా, ఎఫ్10 సున్నాగా పనిచేస్తాయి.

బయోస్‌లో పనిచేసిన కీబోర్డు విండోస్ 7 ఇన్‌స్టాల్ స్క్రీన్ దగ్గర ఆగిపోయింది. మౌస్ కూడా అంతే.

ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్లు 2015లో వచ్చాయి. అప్పటి నుంచి వాటి బోర్డుల్లో యూఎస్‌బీ పోర్టులన్నీ యూఎస్‌బీ 3.0 కంట్రోలర్ కిందికే వెళ్లాయి. విండోస్ 7లో దానికి డ్రైవర్ లేదు. బయోస్ చేతుల్లోంచి విండోస్ చేతుల్లోకి మారగానే కీబోర్డు, మౌస్ రెండూ పడిపోతాయి. అంతకంటే పాత బోర్డు అయితే నీలం పోర్టులు (యూఎస్‌బీ 3.0వి) వదిలి నల్ల పోర్టులో పెడితే సరిపోతుంది. కొత్త బోర్డులో పీఎస్/2 కీబోర్డు వాడాలి, లేదా డ్రైవర్ కలిపిన ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోవాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కోసమో, పాత ప్రింటర్ కోసమో ఇంకా విండోస్ 7 పెట్టించుకునేవాళ్లు ఉన్నారు. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తోనే ముగిసిందని గుర్తుంచుకోండి. విండోస్ 8 నుంచి ఈ సమస్య లేదు.

షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ చేస్తే వచ్చే రికవరీ నీలం స్క్రీన్‌లో మాత్రమే కీబోర్డు, మౌస్ పనిచేయలేదు. వైరస్సా?

2025 అక్టోబరులో అయితే అది మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ పుణ్యం. ఆ నెల 14న వచ్చిన కేబీ5066835 అనే అప్‌డేట్ వేసుకున్న విండోస్ 11 కంప్యూటర్లలో రికవరీ స్క్రీన్ దగ్గర యూఎస్‌బీ కీబోర్డులు, మౌస్‌లు పనిచేయకుండా పోయాయి. విండోస్‌లో మాత్రం అంతా మామూలే. 20వ తేదీన కేబీ5070773తో సరిచేశారు. మీ విండోస్ మామూలుగా ఆన్ అవుతుంటే అప్‌డేట్లన్నీ వేసుకోండి, చాలు. పీఎస్/2 కీబోర్డులకు ఈ బెడద తగల్లేదు. పాత పిన్నును తీసిపారేయని వాళ్లకు ఆ వారం బాగా కలిసొచ్చింది.

వైర్‌లెస్ కీబోర్డుతో బయోస్‌లోకి వెళ్లొచ్చా?

చిన్న యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చేదైతే చాలావరకు వెళ్లొచ్చు. కంప్యూటర్ కంటికి ఆ డాంగిలే కీబోర్డు. బ్లూటూత్‌ది అయితే ఎక్కువ పీసీల్లో కుదరదు. బ్లూటూత్ జత కుదిర్చేది విండోస్, అది ఇంకా రానే లేదు కదా. అందుకే ఇంట్లో ఎక్కడో ఒక వైరున్న యూఎస్‌బీ కీబోర్డు దాచుకోండి, చవకదైనా పర్లేదు.

డాంగిల్ కీబోర్డు ఆన్ చేసిన కాసేపు తడబడుతుంటే ముందు బ్యాటరీ మార్చండి. తర్వాత డాంగిల్ ఎక్కడుందో చూడండి. పక్కనే యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ ఉంటే దాని నుంచి వచ్చే రేడియో రొద డాంగిల్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ సంకేతాలను చెడగొడుతుంది. డాంగిల్‌ను దూరంగా ఉన్న పోర్టుకు మార్చండి.

షట్‌డౌన్ చేసి మర్నాడు ఆన్ చేస్తే కీబోర్డు పనిచేయదు. రీస్టార్ట్ చేస్తే పనిచేస్తుంది. ఇదేం వింత?

వింతేమీ లేదు. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అంటే పూర్తి షట్‌డౌన్ కాదు. ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం విండోస్ లోపలి భాగాన్ని, డ్రైవర్లతో సహా, డిస్క్‌లో దాచి మర్నాడు అదే స్థితిని తిరిగి తెస్తుంది. కీబోర్డు డ్రైవర్ నిన్న గందరగోళంలో ఉంటే ఇవాళ కూడా అదే గందరగోళంతో లేస్తుంది. రీస్టార్ట్‌లో మాత్రం అంతా కొత్తగా మొదలవుతుంది. పైన చెప్పిన ఫాస్ట్ బూట్ వేరు, ఇది వేరు. అది బయోస్‌ది, ఇది విండోస్‌ది.

కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, ఎడమ పక్కన పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే లింకు నొక్కండి. మసకబారి ఉన్న సెట్టింగులను మార్చనిచ్చే లింకు పైన ఉంటుంది, అదీ నొక్కి "టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్" దగ్గర టిక్కు తీసేయండి.

పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నాను, తప్పంటోంది. కీబోర్డు తప్పు అక్షరాలు పంపుతోందా?

పాస్‌వర్డ్ పెట్టె చివర కంటి గుర్తు ఉంటుంది. అది నొక్కి పట్టుకుని మీరు కొట్టినవి చూడండి. సగం సందేహాలు అక్కడే తీరతాయి.

తెలుగు అక్షరాలు కనిపిస్తున్నాయా? అంటే తెలుగు టైపింగ్ కోసం మీరు పెట్టుకున్న లేఔట్ (ఏ కీకి ఏ అక్షరమన్న అమరిక) లాగిన్ దగ్గర కూడా ఎంపికై ఉంది. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు లేఔట్‌లో ఇంగ్లీషు కె ఉన్న కీ కొడితే క వస్తుంది. మామూలుగా ఆ పెట్టెలో చుక్కలే కనబడతాయి కాబట్టి ఎన్నిసార్లు కొట్టినా అర్థం కాదు. స్క్రీన్ కింద కుడిమూల భాష గుర్తు నొక్కి ఇంగ్లీషుకు మార్చండి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కినా మారుతుంది. డీటీపీ పనిచేసేవాళ్లకు, పత్రికల్లో ఉండేవాళ్లకు ఇది బాగా తెలిసిన గొడవే. ఒకే కంప్యూటర్ ఇద్దరు వాడే ఇళ్లలోనే ఎక్కువ కంగారు.

ఎట్ గుర్తు బదులు డబుల్ కొటేషన్ వస్తోందా? లేఔట్ బ్రిటన్‌దై ఉంటుంది. అక్కడి కీబోర్డులో ఆ రెండూ తారుమారుగా ఉంటాయి. లండన్ నుంచి ఎవరో పంపిన ల్యాప్‌టాప్‌లోనైనా, విండోస్ పెట్టేటప్పుడు పొరపాటున ఎంచుకున్నా ఇలాగే అవుతుంది.

పాత చిన్న ల్యాప్‌టాప్‌లలో అక్షరాల బదులు అంకెలు వస్తుంటే నమ్ లాక్ ఆన్ అయి ఉంది. జె, కె, ఎల్ కొడితే 1, 2, 3 వస్తాయి. ఎఫ్ఎన్ కీతో కలిపి నమ్ లాక్ నొక్కి ఆపేయండి. క్యాప్స్ లాక్ సంగతి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

లాగిన్ దగ్గర కీని ఒక సెకను పట్టుకుంటే గానీ అక్షరం పడట్లేదు.

ఫిల్టర్ కీస్ ఆన్ అయింది. కుడి షిఫ్ట్‌ను 8 సెకన్లు పట్టుకుంటే ఇది ఆన్ అవుతుంది. చేయి ఆనించి కూర్చున్నా, పిల్లలు ఆడుకున్నా చాలు. మళ్లీ అలాగే 8 సెకన్లు పట్టుకుంటే పోతుంది. చేతులు వణికేవాళ్ల కోసం పెట్టిన మంచి సదుపాయమే. తెలియనివాళ్లు మాత్రం కీబోర్డు పోయిందనుకుంటారు.

ల్యాప్‌టాప్ కీబోర్డు మొత్తం పనిచేయట్లేదు. రిపేరుకు ఎంతవుతుందో?

ఖర్చు సంగతి తర్వాత, ముందు డబ్బు అక్కర్లేని పని చేయండి. షట్‌డౌన్ చేసి, చార్జర్ పీకి, బ్యాటరీ ఊడేదైతే ఊడదీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. ల్యాప్‌టాప్‌లో కీబోర్డు, చార్జింగ్, ఫ్యాన్లను చూసుకునే చిన్న కంట్రోలర్ ఒకటుంటుంది. అది బిగుసుకుపోతే విండోస్ రీస్టార్ట్‌తో లొంగదు. మిగిలిన కరెంటంతా పోయేలా చేస్తేనే తేరుకుంటుంది.

అయినా లేవకపోతే బయట నుంచి యూఎస్‌బీ కీబోర్డు పెట్టి బయోస్‌లోకి వెళ్లండి. అక్కడ ల్యాప్‌టాప్ సొంత కీలు పనిచేస్తే గొడవ విండోస్‌లో ఉంది. అక్కడ కూడా పనిచేయకపోతే కీబోర్డును బోర్డుకు కలిపే పలచటి రిబ్బన్ కేబుల్ జారి ఉండొచ్చు, లేదా కీబోర్డే పోయి ఉండొచ్చు. ఈమధ్యే ర్యామ్ వేయించడానికో, ఫ్యాన్ శుభ్రం చేయించడానికో ల్యాప్‌టాప్ విప్పించి ఉంటే నా మొదటి అనుమానం రిబ్బన్ మీదే.

వరసగా కొన్ని కీలు మాత్రమే చచ్చిపోతే అది తడి పని. టీ, కాఫీ ఒలికితే వెంటనే ఆపి, చార్జర్ పీకి, బోర్లించి ఆరబెట్టాలి. పనిచేస్తోందా అని మధ్యమధ్యలో ఆన్ చేసి చూడటమే అసలు నష్టం చేస్తుంది. పాలు, చక్కెర లోపల జిగురుగా మిగులుతాయి కాబట్టి ఆరాక కూడా కీలు అతుక్కుంటాయి. కీబోర్డు మార్చడం ఒక్కటే దారి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీ లాంటి చోట్ల చాలా మోడళ్లకు కీబోర్డు విడిగా దొరుకుతుంది. కొన్ని మోడళ్లలో అది పై మూతకు కలిసిపోయి ఉంటుంది, వాటికి ఖర్చు ఎక్కువ.

ఏమీ నొక్కకుండానే ప్రతిసారీ బయోస్ తెరుచుకుంటోంది. లేదా ఎఫ్1 నొక్కమంటోంది.

గడియారం చూడండి. తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లి ఉంటే మదర్‌బోర్డు మీది సెల్ అయిపోయింది. సీఆర్2032 అనే 3 వోల్టుల బటన్ సెల్ అది, చేతి గడియారాలు అమ్మే షాపులో కూడా దొరుకుతుంది. వేసవి సెలవుల్లో మెయిన్ ఆపేసిన స్కూలు కంప్యూటర్లు జూన్‌లో ఇలా తిరగబడతాయి. సెల్ మార్చి, తేదీ సరిచేసి, ఎఫ్10తో సేవ్ చేయండి.

తేదీ సరిగ్గానే ఉంటే ఎఫ్2 లేదా డెల్ కీ ఇరుక్కుపోయిందేమో చూడండి. డెస్క్‌టాప్‌లో కీబోర్డు పీకేసి ఆన్ చేస్తే తేలిపోతుంది.

కీబోర్డు లేకుండా ఇప్పటికిప్పుడు లాగిన్ అవ్వాలి, అర్జెంటు.

లాగిన్ స్క్రీన్ కింద కుడిమూలలో యాక్సెసిబిలిటీ గుర్తు నొక్కి, ఆన్-స్క్రీన్ కీబోర్డ్ తెరవండి. మౌస్‌తో ఒక్కో అక్షరం క్లిక్ చేయొచ్చు. లోపలికెళ్లాక స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచి, కీబోర్డ్స్ కింద ఉన్నదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేయండి. విండోస్ మళ్లీ వెతికి డ్రైవర్ పెట్టుకుంటుంది. పసుపు గుర్తు, కోడ్ 39 కనిపిస్తే ఏదో పాత ప్రోగ్రామ్ వదిలివెళ్లిన ముక్క అడ్డుపడుతోంది. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) చేయి పెట్టేకన్నా సిస్టమ్ రిస్టోర్‌తో వెనక్కి వెళ్లడం క్షేమం.

లైనక్స్‌లో?

ఏ సిస్టమ్‌తో ఆన్ అవ్వాలో ఎంచుకునే గ్రబ్ మెనూ దగ్గర కీబోర్డు పనిచేయకపోతే అది బయోస్ పరిధి. ఫాస్ట్ బూట్, లెగసీ యూఎస్‌బీ గురించి చెప్పినదే వర్తిస్తుంది. గ్రబ్ దాటాక పోతే, గ్రబ్‌లోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి పాత కెర్నల్‌తో (లైనక్స్ లోపలి ముఖ్య భాగంతో) బూట్ చేసి చూడండి. దానితో పనిచేస్తే తాజా అప్‌డేటే కారణం.

షాపుకు తీసుకెళ్తున్నాను. ఏం చెప్పాలి?

"కీబోర్డు పనిచేయట్లేదు" అని మాత్రం చెప్పకండి. లోగో దగ్గర పనిచేస్తోందా, బయోస్‌లో పనిచేస్తోందా, బయటి కీబోర్డు పెడితే ఏమైంది, క్యాప్స్ లాక్ లైటు వెలుగుతోందా అన్నవి చెప్పండి. ఈ నాలుగూ విన్న మెకానిక్ ఫార్మాట్ మాట ఎత్తడు. ఎత్తితే ఇంకో షాపు చూసుకోండి.